కంకి మీద ఎవరి హక్కు? జావా సేద్యపు మాటల గురించి

జావా భాషలో సేద్యపు మాటలు లెక్కకు మించి ఉన్నాయనీ, వాటిలో ఎక్కువ భాగం సంస్కృతం నుంచి వెళ్లినవేననీ చదివానన్నారు. ఆ మాటలకు అక్కడి జనజీవితంలో ఉన్న విలువేమిటో, మన వరి మాటలతో వాటిని పోల్చవచ్చునో లేదో చెప్పమన్నారు. మధ్య జావాలో వరి సాగుకు సంబంధించిన ఉద్యోగంలో చాలా కాలం ఉండి, రైతుల దగ్గరే ఆ భాష నేర్చుకున్నవాడిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. మీరు చదివినవాటిలో మొదటి సంగతి నిజం, రెండవది సగమే నిజం. ఇక విలువ మాటకొస్తే, ఆ పదాల్లో చాలావాటికి వస్తువును గుర్తు పట్టించడంతోనే పని తీరదు. పండిన గింజలో దేవతకు ఎంత, కోసినవారికి ఎంత, ఇరుగుపొరుగుకు ఎంత, భూమి గలవాడికి ఎంత అన్న లెక్క కూడా వాటిలో ఇమిడి ఉంటుంది. ఆ లెక్క మారినప్పుడల్లా మాటలూ మారుతూ వచ్చాయి.

ముందుగా ఒక హెచ్చరిక. జావా ద్వీపమంతా జావా భాష మాట్లాడదు. పశ్చిమ భాగం సుండా వారిది, వారి భాష వేరు. ఇంటర్నెట్‌లో తరచుగా ‘జావా నీటి సంఘం’గా చూపించే సుబక్ బాలి ద్వీపానిది. వరికి ‘పది’ అన్నది ఇండోనేసియా జాతీయ భాష మాట; జావా మాట ‘పరి’. ఇంకొకటి, మాట చివర రాసే అకారాన్ని జావా వారు చాలా చోట్ల ఒకారంలా పలుకుతారు. ఇక్కడ నేను వారి రాతనే పాటిస్తున్నాను.

సంస్కృతం సంగతి చూద్దాం. రైతు కాలు మోపేవి, చేత పట్టేవి దాదాపు అన్నీ దేశీ మాటలే. నీళ్ల మడి సావా, మెట్ట చేను తెగల్, మడి గట్టు గలెంగన్, దమ్ములో తిప్పే దంతె గరు, కొడవలి అరిత్, వరిగడ్డి దామి. వీటిలో సంస్కృతం జాడ కనబడదు. సావా, దవుహన్ (నీటికట్టు) వంటి మాటలు పాత జావా శాసనాల కాలం నుంచి నడుస్తున్నవి. కెదిరి ప్రాంతంలో దొరికిన హరింజింగ్ శాసనం ఒక నీటికట్టు గురించినదే, దాని కాలం శక సంవత్సరం 726, అంటే క్రీ.శ. 804. కాలాన్ని లెక్కించిన శకం మనదీ వారిదీ ఒకటే గాని, కట్టు పేరు మాత్రం వారి సొంతం. విత్తడానికి దాచిన గింజను వినిహ్ అంటారు, అది ఆ ద్వీపాల భాషా కుటుంబానికి చెందిన పాత మాట. ఏ గింజనైనా, చివరికి మనిషి సంతతినైనా సూచించే విజి మాత్రం మన బీజమే. కొట్టంలో ఉన్న గేదె కెబొ. అదే గేదె గురించి పెద్దవారితో మాట్లాడవలసి వస్తే మఏస అంటారు, అది మహిషం. ఇంతకూ సంస్కృతం చేరినది పలుగూ పారల్లోకి కాదు, మర్యాదలోకి, ఋతువుల పేర్లలోకి, దేవత పేరులోకి.

ఆ మర్యాద సంగతి కొంచెం ఆగి చూడాలి. చేలో ఉన్నది పరి, నూర్చిన వడ్లు గబహ్, దంచిన బియ్యం బెరస్, నూకలు మెనిర్, తవుడు కతుల్, వండిన అన్నం సెగ, ఒక్క మెతుకు ఉప, కుండకు అంటిన మాడు ఇన్‌తిప్, ఎండబెట్టి దాచుకున్న అన్నం కరక్. వడ్లు, బియ్యం, అన్నం, మెతుకు అని వేరువేరుగా చెప్పే మనకు ఇందులో వింత లేదు. వరి తిని బతికే జాతులన్నిటికీ ఇంచుమించు ఇంత వరుస ఉంటుంది. వింత మరొక చోట ఉంది. సాటివాడితో పరి అన్నది పెద్దల ముందు పంతున్ అవుతుంది. బెరస్ వొస్ అవుతుంది, సెగ సెకుల్ అవుతుంది, సావా సబిన్ అవుతుంది. మనం గౌరవాన్ని క్రియాపదంలోనూ ‘గారు’లోనూ చూపిస్తాం గాని, ఆసామి ముందైనా పాలేరు ముందైనా వడ్లు వడ్లే. అక్కడ రైతు నోరు విప్పి తన పంట పేరు చెప్పగానే, ఎదుటివాడు తనకంటే పైవాడా సమానుడా అన్నది తేలిపోతుంది. పల్లెల్లో ఈ తేడా ఇప్పటికీ బతికే ఉన్నా, నగరాల్లో చదువుకున్న పిల్లలు మర్యాద మాటలకు తడుముకుని జాతీయ భాషలోకి జారిపోతున్నారు.

నారుమడి నుంచి పొట్ట దశ దాకా మాటలు మనకు సులువుగానే అర్థమవుతాయి. ఆకుతీత డావుత్, ఊడ్పులు తాండుర్, కలుపుతీత మతున్. తాండుర్ అన్న మాటను ‘వరుసలు సర్దుతూ వెనక్కు నడవడం’ అన్న రెండు మాటల ముడిగా విడదీసి చెప్పడం అక్కడ వాడుక. ఇలా విడదీయడాన్ని కెరతబస అంటారు. దీన్ని నిజమైన వ్యుత్పత్తిగా తీసుకోకండి, ఇది మాటలోంచి నీతి పిండే ఒక సరదా విద్య. పార విషయంలో ఈ విద్య మరీ ముదిరింది: పార రేకు, రేకును పట్టి ఉంచే బావక్, కర్ర అయిన దొరన్ మూడింటినీ విడదీసి, బావక్ అంటే ఒళ్లు కదిలించడమనీ, దొరన్ అంటే దేవుణ్ణి ప్రార్థించడమనీ చెప్పి, ఆ బోధను 15, 16 శతాబ్దాల నాటి ఇస్లాం గురువు సునన్ కలిజగకు ఆపాదిస్తారు. అది ఆయన చెప్పినదా కాదా అన్నది పక్కన పెడితే, మతబోధ రైతు దగ్గరకు వెళ్లడానికి పారను పట్టుకోవలసి వచ్చిందన్నది మాత్రం గమనించదగినది.

పొట్ట దశకు వచ్చిన వరిని వారు పరి మెతెంగ్, అంటే కడుపుతో ఉన్న వరి, అంటారు. మనం వరి పొట్ట మీద ఉందనీ, తరవాత ఈనిందనీ అంటాం కదా, ఇందులో పోలిక సంపూర్ణం. వారు ఇంకొక అడుగు ముందుకు వేసి, కొన్ని ఊళ్లలో కడుపుతో ఉన్న స్త్రీకి పెట్టినట్టే పొలానికి పుల్లని పండ్ల ముక్కలు, రుజక్ పేరుతో, నైవేద్యం పెడతారు.

ఎందుకంటే చేలో ఉన్నది వారికి పైరు కాదు, దేవి శ్రీ. పల్లెలో ఆమెను ఎంబొక్ శ్రీ అని పిలుస్తారు. ఎంబొక్ అంటే అమ్మ, లేదా పల్లెటూరి పెద్దావిడను చనువుగా పిలిచే పిలుపు. పేరు మన శ్రీదేవిదే అయినా, కథ మనది కాదు. ఆమె దేహం నుంచి వరి మొలిచిందనీ, తక్కిన అంగాల నుంచి కొబ్బరి మొదలైన చెట్లు మొలిచాయనీ ఆ ద్వీపాల కథ. ఏ అంగం నుంచి ఏది మొలిచిందన్నది ఊరూరికీ మారుతుంది. మన లక్ష్మి ధాన్యాన్ని ఇస్తుంది, వారి శ్రీ తానే ధాన్యం. పాలసముద్రంలో పుట్టిన దేవత పేరు, తీసుకెళ్లి అంతకు ముందే ఉన్న వరితల్లికి పెట్టారని నా అభిప్రాయం. జావా జనం ఎక్కువ భాగం ముస్లింలు, ఎంబొక్ శ్రీ పూజ చివర అరబ్బీ ప్రార్థన చదువుతారు. ఇందులో వారికి చాలా కాలం వరకు ఇబ్బంది కనబడలేదు. ఇప్పుడు కొన్ని ఊళ్లలో మతపెద్దలు వద్దన్నందువల్ల ఈ పూజ ఆగిపోయిన మాట కూడా వాస్తవం.

ఆ పూజ పేరు వివిత్, అంటే మొదలుపెట్టడం. కోతకు ముందు మడి మూల దగ్గర కొబ్బరిపాలతో వండిన అన్నం, ఇంగ్‌కుంగ్ అనే ముక్కలు చేయకుండా వండిన కోడి, గుడ్లు, అరటిపండ్లు, పూలు పెట్టి సాంబ్రాణి పొగ వేస్తారు. ఊరి పెద్ద నాలుగు మాటలు చెప్పి కొన్ని కంకులు కోసి, రెండు చిన్న కట్టలుగా కట్టి, వాటిని వధూవరులుగా భావించి గుడ్డ చుట్టి ఇంటికి తీసుకువెళ్లమంటాడు. తక్కిన అన్నం అక్కడే అందరూ పంచుకుని తింటారు, పిల్లలకు ఇది పండగ. ఆ వధూవరులు చేరేది ఇంటి వెనుక భాగంలో వరసగా ఉండే మూడు గదుల్లో నడిమి గదికి, లేదా గాదెకు. నడిమి గది సెంటోంగ్ తెంగహ్. సంపన్నుల ఇళ్లలో దానికే క్రొబోంగన్ అనీ, పెతానెన్ అనీ పేరు, ఈ రెండో పేరు తాని, అంటే సేద్యం, అన్న మాట నుంచి వచ్చింది. దాని ముందు కూర్చోబెట్టే పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల బొమ్మల జంటను లొరొ బ్లొన్యొ అంటారు. ఇప్పుడు అవి హోటళ్ల ముందు గదుల్లో అలంకారంగా కనబడుతున్నాయి గాని, అసలు చోటు ధాన్యం ఉండే గది గుమ్మం.

ఇక కోత. నన్ను అడిగితే ఈ విషయమంతటికీ గుండెకాయ ఇదే. ఆని-ఆని అన్నది అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తి: చిన్న చెక్కకు పలుచని ఇనుప రేకు బిగించి, అడ్డంగా ఒక వెదురు పుల్ల గుచ్చి ఉంటుంది. రేకు వేళ్ల సందులోంచి బయటికి వస్తుంది. కంకి మెడను వేళ్లతో దానికేసి నొక్కితే తెగుతుంది. కత్తి చూస్తే ఎంబొక్ శ్రీ బెదురుతుందని, అందుకే దాన్ని చేతిలో దాచి ఒక్కొక్క కంకే కోస్తారని చెప్పుకుంటారు. ఆ మాట వెనుక సాగు కారణం కూడా ఉంది. పాత పొడుగు రకాలు ఒకేసారి పండవు, గింజ అంత సులువుగా రాలదు. పండిన కంకులను ఏరి కోసి, మోపులుగా కట్టి, గాదెలో కంకులతోనే నిలవ పెట్టి, కావలసినప్పుడు దంచుకోవడానికి ఈ పద్ధతి సరిగ్గా సరిపోయింది. కోసేది స్త్రీలు. ఇలా కోతకు వెళ్లడాన్ని దెరెప్ అంటారు, వారు కోసిన దానిలోంచి అక్కడికక్కడే ఇచ్చే భాగం బావొన్. కోతకు వచ్చినవారిని వెళ్లిపొమ్మనడం మర్యాద కాదు. దగ్గర బంధువుకు కాస్త పెద్ద పాలు, ఇరుగుపొరుగుకు అంతకంటే తక్కువ, పైఊరి మనిషికి ఇంకా తక్కువ. మన కళ్లాల దగ్గర చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగులకు కొలిచిన మేర గుర్తున్నవారికి బావొన్ వెంటనే అర్థమవుతుంది, అయితే మేర ఏడాది పొడుగునా చేసిన సేవకు, బావొన్ ఆ రోజు కోతకు. కోత అయిన మడిలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని ఙసగ్ అంటారు, మన పరిగె ఏరడమే. ఊడ్పులూ కలుపూ కూలి లేకుండా చేసి, దానికి బదులు ఆ మడిని కోసే హక్కును ముందే సంపాదించుకునే ఏర్పాటుకు కెదొకన్ అని వేరే పేరు ఉంది. భూమి లేని కుటుంబానికి ఈ నాలుగు మాటలే ఏడాది తిండి.

1960ల చివర ఈ ఏర్పాటు కదిలింది. పెటా అనే ఇండోనేసియా పొడుగు రకాన్ని తైవాన్ పొట్టి రకంతో సంకరపరచి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్ 8 విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో సాగు చేసి పేరు తెచ్చుకున్నది ఈ రకాన్నే, కాబట్టి మన డెల్టా పొలాల్లోనూ జావా రైతులు ఎరిగిన పెటా రక్తం ఉంది. పొట్టి రకాలు ఒకేసారి పండుతాయి, గింజ త్వరగా రాలుతుంది, నిలబడి కంకి మెడ కోయడానికి ఎత్తు చాలదు. అందువల్ల మొదలంటా కొడవలితో కోసి, పొలంలోనే నూర్చి, గబహ్‌గానే అమ్మడం లాభమైంది. కొడవలి పట్టే మగ కూలీల ముఠాను వెంటబెట్టుకుని వచ్చి, పైరు నిలబడి ఉండగానే చేను మొత్తం కొనేసే వ్యాపారి ప్రవేశించాడు. ఆ అమ్మకం పేరు తెబాసన్. ఊళ్లో తన చేతులతో బావొన్ కొలవవలసిన రైతు, వచ్చిన ఆడవాళ్లను కాదనలేడు. చేను అమ్మేసిన రైతుకు ఆ మొహమాటం లేదు, కాదనే పని వ్యాపారి చూసుకుంటాడు. తెబాసన్ అంతకుముందు లేని మాట కాదు, దాని అక్కర అప్పుడు పెరిగింది. ఆని-ఆని ఇప్పటికీ వివిత్ రోజున బయటికి తీస్తారు, తరవాత కోతంతా కొడవలితోనో యంత్రంతోనో సాగుతుంది.

1970ల మొదట్లో మరలు వచ్చాక దంపుడు కూడా ఇలాగే పోయింది. లెసుంగ్ అంటే పెద్ద దుంగను పడవలా తొలిచిన రోలు, అలు అంటే రోకలి. నలుగురైదుగురు స్త్రీలు చుట్టూ నిలబడి దంచేటప్పుడు వచ్చే లయను ఒక వాద్యంగా మార్చుకుని గెజొగ్ లెసుంగ్ అన్నారు. వడ్లు దంచడం ఆగినా వాయించడం ఆగలేదు, ఉత్సవాల్లో వినవచ్చు. గ్రహణం పట్టినప్పుడు కూడా ఈ రోలు వాయించేవారు: చంద్రుణ్ణి మింగే రాహువు తల ఆకాశంలో ఉండిపోగా, మొండెం భూమ్మీద పడి రోలైందని, దాన్ని బాదితే తల వదిలేస్తుందని వారి కథ. గ్రహణం వేళ పళ్లెంలో రోకలిని నిలబెట్టే మన ఊళ్ల ఆచారం దీనికి చుట్టమో కాదో నిర్ణయించే పని మీకే వదిలేస్తున్నాను.

కాలం మాటల్లోనే మీరు చదివిన ‘సంస్కృతం’ నిండుగా ఉంది. రైతుల సౌర పంచాంగం ప్రణత మంగ్స. సురకర్త రాజు ఏడవ పకుబువన 19వ శతాబ్దం నడుమ దాన్ని స్థిరపరిచాడు. జూన్ 22న మొదలయ్యే 12 మంగ్సల్లో, అంటే ఋతు భాగాల్లో, మొదటి ఆరింటి నిడివి 41, 23, 24, 25, 27, 43 రోజులు. తరవాతి ఆరూ దాదాపు తిరగేసిన వరుసలోనే 43, 26, 25, 24, 23, 41. సుమారు 14 రోజుల చొప్పున నడిచే మన కార్తెల పక్కన ఈ హెచ్చుతగ్గులు అర్థం లేనివిగా కనబడతాయి గాని, కారణం నేల మీద పడే నీడలో ఉంది. మధ్య జావాలో జూన్ నెలాఖరు మధ్యాహ్నపు నీడ దక్షిణానికి ఎంత సాగుతుందో, డిసెంబరు నీడ ఉత్తరానికి అందులో సగం సాగుతుంది. మొదటిదాన్ని నాలుగు, రెండవదాన్ని రెండు సమభాగాలు చేస్తే ఆరు, వెళ్లి తిరిగి వచ్చేసరికి పన్నెండు. అయనాల చివర సూర్యుడి కదలిక మందగిస్తుంది కనుక అక్కడి భాగాలు దాటడానికి 40 రోజులకు పైగా పడుతుంది. పనిముట్టు లేకుండా తన నీడను తన అడుగులతో కొలుచుకుని రైతు మంగ్స చెప్పగలిగేవాడు.

మొదటి పది మంగ్సలకు వట్టి సంఖ్యల పేర్లే: కస, కరొ, కతెలు అలా. చివరి రెండు దెస్త, సద. మన జ్యేష్ఠం, ఆషాఢం. అయితే మనకు ఏరువాక సాగే రోజుల్లో అక్కడ వానలు వెనక్కు పోయి ఎండలు మొదలవుతాయని మరచిపోకూడదు. ప్రతి మంగ్సకూ ఒక గుర్తు వాక్యం ఉంది, వాటిలో నాలుగైదు చూస్తే చాలు. ఆకు రాలే కసకు ‘పొదిగిన చోటి నుంచి మణి జారింది’. నేల పగిలే కరొకు ‘భూమి బీటలు వారింది’. తీగలు కర్రలకు పాకే కతెలుకు ‘సుత మనుత్ ఇంగ్ బప’, అంటే బిడ్డ తండ్రి వెంట నడిచింది. ఊటలు అడుగంటే కపత్‌కు ‘వస్ప కుమెంబెంగ్ జ్రోనింగ్ కల్బు’, గుండెలోపల కన్నీరు నిండింది. ఈ వస్ప మన బాష్పమే, కల్బు అరబ్బీ. వానాకాలపు జబ్బులు వ్యాపించే కపితుకు ‘విస కెంతిర్ ఇంగ్ మారుత’, గాలిలో విషం కొట్టుకొచ్చింది. రైతు రోజూ చూసే బీటలకూ ఊటలకూ ఆస్థాన కవులు పట్టు కట్టిన మాటలివి. పొలంలో వినబడేవి మాత్రం ఎండకాలం కెతిగ, తొలకరి లబుహ్, వానాకాలం రెండెంగ్, వానలు తగ్గే వేళ మరెంగ్, గింజలు అయిపోయి కొత్త పంట రాని రోజులు పచెక్లిక్.

మంచిరోజు లెక్క సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఏడు వారాలకూ, ఐదు రోజుల సంత చక్రానికీ విడివిడిగా విలువలుంటాయి. రెండూ కూడి నాలుగుతో భాగిస్తే శేషం 1 వేరు, 2 కాండం, 3 ఆకు, 0 కాయ. శుక్రవారం విలువ 6, సంత చక్రంలో ఒకటైన క్లివొన్ రోజు విలువ 8. మొత్తం 14, శేషం 2, కాబట్టి శుక్రవారం క్లివొన్ చెరకు నాటడానికి మంచిది. గురువారం క్లివొన్ అయితే 16, శేషం లేదు, కాబట్టి కాయ కాసేవాటికి మంచిది. నేలకూ తేమకూ దీనితో సంబంధం లేదు, అయినా ఊరంతా ఒకే రోజున పనికి దిగేలా చేసిన మేరకు దీని ప్రయోజనం దీనికి ఉండేది.

పొలం దాటి సామెతల్లోకి వెళ్లిన మాటలు లెక్కలేనన్ని. ‘చిక్కుడు తన పందిరికర్రను విడవదు’ అంటే బిడ్డకు తల్లిదండ్రుల పోలిక రాక తప్పదని. ‘గేదె దూడ దగ్గర పాలు తాగింది’ అంటే పెద్దలు పిల్లల దగ్గర నేర్చుకుంటున్నారని. నేల గురించినది వీటికంటే పదునైనది: ‘సదుముక్ బతుక్, సన్యరి బుమి’, నుదుటి మీద ఒక్క వేలి తాకిడైనా, వేలెడు నేలైనా, ప్రాణం ఒడ్డి కాపాడుకోవాలని. ఇందులో మొదటిది ఇంటి ఆడదాని మానం, రెండవది గట్టు. బుమి మన భూమే.

మన మాటలతో పోల్చి చూడాలని మీరు నిజంగా అనుకుంటే, అకారాది పట్టికతో మొదలుపెట్టకండి. పనిముట్లూ గింజ దశలూ ఇట్టే జతపడిపోయి తేడాలు కనబడవు. పంపకం మాటలతో మొదలుపెట్టండి. బావొన్ ఎదుట మేర, ఙసగ్ ఎదుట పరిగె, సగపాలు సాగుకు వారి మరొ, మూడో పాలుకు మెర్తెలు, గ్రామాధికారికి జీతానికి బదులు ఇచ్చే బెంగ్‌కొక్ భూమి ఎదుట మన మాన్యం రాసుకోండి. తెబాసన్ ఎదుట మీ ప్రాంతంలో ఏ మాట ఉందో, కెదొకన్ ఎదుట అసలు ఏదైనా మాట ఉందో లేదో మీ ఊరి పెద్దలను, ముఖ్యంగా కోతలకు వెళ్లిన స్త్రీలను అడగండి.